మేస్త్రమ్మ పైకి వెళ్ళిన రోజు

ఆ వీధిలో పైకి వెళ్ళి తిరిగి వచ్చే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన గారపని మేస్త్రి.

ఊరికి పడమట, బస్సులో కూర్చుంటే ఒక కునుకు తీసి లేచేంత దూరంలో ఒక కొండ ఉంది. కొండ నెత్తిన పాత కోట ఊరు, ఆ ఊరి నెత్తిన రాజభవనం. మబ్బు లేని రోజున డాబా మీద నిలబడితే కోటగోడ పళ్ళవరసలా కనిపించేది. రాజులు పోయి ఎన్ని తరాలయిందో ఎవరికీ గుర్తులేదు గానీ ఆ భవనం మాత్రం వానకు కారుతూ, ఎండకు పెచ్చులూడుతూ, చుట్టుపక్కల మేస్త్రులకు అన్నం పెడుతూనే ఉంది. ఈ మేస్త్రి సగం జీవితం అక్కడే గడిచింది. పని తగిలితే వారాల తరబడి ఉండిపోయేవాడు. ఇంట్లో ఆ ఊరిని పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. "పైకి" అనేవారు, అంతే. నాన్న పైకి వెళ్ళాడు. అన్నయ్య పైనుంచి కబురు చేశాడు. పైన చలి మొదలైందట, స్వెట్టరు పంపాలి.

ఒకసారి ఎదురింట్లోకి ఒక టీచరమ్మ కొత్తగా అద్దెకు దిగింది. వంటింటి గోడ పెచ్చులూడుతోందని చూపించుకుందామని వచ్చి, "మేస్త్రిగారున్నారా?" అని అడిగింది.

మేస్త్రమ్మ బట్టలు పిండుతూ నవ్వుముఖంతో, "లేరమ్మా, పైకి వెళ్ళారు" అంది.

టీచరమ్మ ఉలిక్కిపడింది. "ఎప్పుడు?" అంది.

"నిన్న పొద్దున్నే. టీ తాగి మరీ వెళ్ళారు."

"అయ్యో! ఎలా వెళ్ళారండీ?"

"బస్సులో."

టీచరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. దుఃఖం ఎక్కువై ఈవిడకు మతి చలించిందేమో అనుకుంది పాపం. "నెలాఖరుకి వచ్చేస్తారు లెండి, మీ గోడ సంగతి అప్పుడు చూస్తారు" అని మేస్త్రమ్మ ఓదార్పుగా అనేసరికి ఇంకా బెదిరిపోయి, ఒక్క అంగలో వీధి దాటింది.

ఈ సంగతి వీధంతా టముకు వేసింది మేస్త్రి చెల్లెలు. ఆ ఇంటి ముందుగదిలో ఆమెది కుట్టుమిషను. చేతిలో కత్తెర కన్నా నోట్లో కత్తెర పదునని వీధివాళ్ళు ఆమెకు కత్తెర అనే పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్ళు కూడా కోటు చిరిగితే ఆమె దగ్గరికే రావాలి, అది వేరే సంగతి. "పైకి పోయి నెలాఖరుకల్లా తిరిగొచ్చే మొగుడు లోకంలో నీకొక్కదానికే దొరికాడు వదినా" అని ఏళ్ళ తరబడి ఏడిపించింది. మేస్త్రమ్మ ఏమీ అనేది కాదు. అసలే మాట తక్కువ మనిషి. కానీ ఆ మాట విన్నప్పుడల్లా మెడ కొంచెం నిక్కేది.

ఆమెకు చదువు అంతంత మాత్రం. బోర్డులు కూడబలుక్కుని చదువుతుంది. మొగుడి పని ఏనాడూ కళ్ళారా చూడలేదు. కానీ ఆయన బట్టలు ఉతికింది. సంచీ విప్పి గుడ్డలు దులిపితే చాలు, అన్ని రోజులూ ఆయన ఏం చేశాడో చెప్పేసేది. మోకాళ్ళ దగ్గర గట్టిపడితే నేల పని. మోచేతులు తెల్లబడితే గోడ పని. కాలరు లోపలా, చొక్కా జేబులోనూ గార పడి ఉంటే కప్పు పని.

"ఈసారి వెల్లకిలా పడుకుని చేశారు కదూ?" అనేది.

"నీకు అక్కడ కూడా కళ్ళున్నాయే!" అని మేస్త్రి ఆశ్చర్యపోయేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు. సున్నానికి పగిలిన ఆయన వేళ్ళకు ఆమె నూనె రాస్తూ ఉంటే, ఆయన తాపీ ఎలా పట్టాడో, తీగ ఎలా తిప్పాడో చెబుతూ ఉండేవాడు. వేరే ఆడవాళ్ళు మొగుళ్ళ జీతం గురించి చెప్పుకుంటారు. మేస్త్రమ్మ ఎవరైనా అడిగితే, "మా ఆయన ఆకు చేస్తే ఈనెలు కూడా ఉంటాయి" అనేది. అంతకంటే పొడుగు మాట ఆమె నోట వచ్చేది కాదు.

చివర్లో కొన్నేళ్ళు బట్టలన్నీ కాలరు దగ్గరే తెల్లబడి వచ్చాయి. భవనం మీది అంతస్తులో రాణిగారి గది ఉంది. దాని కప్పంతా ద్రాక్షతీగ. ఆకులూ, గుత్తులూ, మధ్య మధ్య ముడుచుకు కూర్చున్న పిట్టలూ, అన్నీ గారతో చేసినవే. వాననీళ్ళు దిగి ఒక మూల మూలంతా ఊడి కింద పడింది. ఆ మూలను మళ్ళీ పుట్టించే పని మేస్త్రికి అప్పజెప్పారు. ఆ గది గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవాడు, పక్కన పసిబిడ్డ నిద్రపోతున్నట్టు.

"నన్నొకసారి తీసుకెళ్ళండి" అని మేస్త్రమ్మ అడిగింది.

"పరంజా తీయనీ. పరంజా ఉండగా చూడటమంటే ముస్తాబు సగంలో పెళ్ళికూతుర్ని చూడటమే."

పరంజా కర్రలు తీసేశారు. మేస్త్రి ఇంటికొచ్చాడు, కూడా ఒక దగ్గు తెచ్చుకున్నాడు. ఎండలు తగ్గనీ వెళ్దాం అన్నాడు. తర్వాత వానలు తగ్గనీ అన్నాడు. తర్వాత దగ్గు తగ్గనీ అన్నాడు. ఎండలూ తగ్గాయి, వానలూ తగ్గాయి. దగ్గు తగ్గలేదు. చలికాలం చివర్లో మేస్త్రి పోయాడు.

పలకరించడానికి వచ్చిన ఒక పెద్దాయన, "పైకి వెళ్ళినవాళ్ళ కోసం ఏడవకూడదమ్మా" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు, ఆయనకేం తెలుసు? కానీ ఇంట్లోవాళ్ళందరి చెవుల్లో ఆ మాట సీసం పోసినట్టయింది. ఆ రోజుతో ఆ ఇంట్లో ఆ మాట వాడకం ఆగిపోయింది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, దానంతటదే ఆగిపోయింది. కూతురూ అల్లుడూ ఉండేది మేడ గదిలో. కూతురు మునుపు "పైకెళ్తున్నానమ్మా" అనేది, ఇప్పుడు "మా గదికెళ్తున్నా" అంటోంది. కత్తెర బట్టలు ఆరేసి వచ్చి "డాబా మీద ఆరేశా" అంటుంది. అల్లుడొక్కడే పాపం, కొత్తవాడు, అప్పుడప్పుడూ నోరు జారేవాడు. "పై..." అని మొదలుపెట్టి, భార్య చూపు తగలగానే, "పై... పైపు కారుతున్నట్టుంది" అని లేచి వెళ్ళిపోయేవాడు. అలా ఏ రోగమూ లేని ఆ ఇంటి పైపుని అతను ఎన్నిసార్లు విప్పి బిగించాడో.

ఒక సెలవురోజు పొద్దున్న, టీ గ్లాసులు కడుగుతూ, వెనక్కి తిరగకుండానే మేస్త్రమ్మ అంది. "ఒక్కరోజు... ఆ ఊరు వెళ్ళొద్దామా?"

ముందుగదిలో మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఏ ఊరు?" అన్నాడు అల్లుడు. కూతురు అతన్ని మోచేత్తో పొడిచింది. "ఆఁ, ఆ ఊరా! ఎందుకు వెళ్ళకూడదండీ అత్తయ్యగారూ! పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు."

అల్లుడు బస్సు డిపోలో ఏ బస్సు ఎప్పుడు కదలాలో నిర్ణయించే గుమాస్తా. కత్తెర అతన్ని టైంటేబుల్ అంటుంది, అతని ఎదురుగానే. ఆ ఇంట్లో ఒక ప్రయాణం సంగతి అతన్ని ఎవరైనా అడగడం ఇదే మొదలు. ముఖం వెలిగిపోయింది. అప్పటికప్పుడు బల్లమీద సామానంతా తన ముందుకు లాక్కున్నాడు. పంచదార డబ్బా బస్టాండు అయింది. బిస్కెట్ల పొట్లం కోటగుమ్మం. చెంచాలు వరసగా పేరిస్తే అది ఎక్కే దారి. చివర టీ కెటిలు. అది రాజభవనం.

"గుమ్మం దగ్గర దిగుతాం. ముందు ఫిరంగులు. తర్వాత పాతబావి. ఆయుధాల గది. అక్కణ్ణించి తోట, తోటలో భోజనం. తర్వాత లోయ కనిపించే చోటు, ఫొటోలు. ఆ తర్వాత అంగళ్ళ వీధి..."

"ఇంత తిప్పుతావేంటయ్యా టైంటేబులూ, మేమేమన్నా బస్సులమా?" అంది కత్తెర, గుమ్మంలోకి వచ్చి నిలబడి.

మేస్త్రమ్మ చెయ్యి తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. కెటిలు కేసి చూసింది. "ఇందులో మేస్త్రిగారి గదేదీ?"

"ఏ గదండీ?"

"ద్రాక్షతీగ."

అల్లుడు నీళ్ళు నమిలాడు. "అది పై... ఎత్తులో ఉంటుందండీ. మెట్లు ఇరుకు. మీ మోకాళ్ళు... టైముంటే చివర్లో చూద్దామనీ..."

"చివర్లో కాదు బాబూ. ముందు అదే. మిగతావి టైముంటే."

అల్లుడు బిక్కముఖం వేశాడు. మాట తక్కువ అత్తగారు తన ఫిరంగుల్నీ, బావినీ, తోటనీ ఒక్క మాటతో చెరిపేసింది. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది.

కత్తెర మాత్రం నవ్వలేదు. "వెళ్ళి ఏం చూస్తావు వదినా? కప్పు ఇంతుంటుంది" అని చేతులు బార్లా చాపింది. "అందులో ఒక్క మూల మా అన్నయ్యది. ఏ మూలో తెలుసా నీకు? కింద సంతకం చేశాడా, ఫోన్ నంబరు రాశాడా?"

మేస్త్రమ్మ కెటిలు మూత సరిచేసింది. ఆడపడుచు గుచ్చింది సరిగ్గా పుండు మీదే. అన్నాళ్ళూ ఆమె లోలోపల నలుగుతున్నది అదే. ఆయన చేతిపని ఒక్కసారి, ఇదీ ఆయనది అని తెలిసి, కళ్ళనిండా చూడాలి. ఇంకేమీ వద్దు. అంత దూరం వెళ్ళి, ఎవరిదో పని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆయన మూలకు వీపు చూపించి వచ్చేస్తే? అంతకన్నా వెళ్ళకపోవడమే మేలు.

"సున్నాలాయనకి ఫోన్ చేద్దాం" అంది కూతురు.

సున్నాలాయన అంటే మేస్త్రికి మొదటినుంచీ సున్నం నానబెట్టి, నూరి, అందించిన మనిషి. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్నాడు. చెవి కొంచెం మందం, అందుకని ఎదుటివాళ్ళకే వినపడదేమో అన్నట్టు అరిచి మాట్లాడతాడు. కూతురు ఫోను బల్లమీద పెట్టింది.

"ఏ మూల అని అడుగుతావేంటి వదినా! కుడిచేతి మూల!" గది దద్దరిల్లింది.

"గుమ్మంలోంచి లోపలికెళ్తుంటే కుడా?" అని మేస్త్రమ్మ గొంతు పెంచి అడిగింది.

"గుమ్మమేంటి? మాకు గుమ్మంతో ఏం పని? పరంజా మీద వెల్లకిలా పడుకుంటే కుడి!"

"పడుకుంటే తల ఎటుండేది?"

అవతల లెక్క వేస్తున్నట్టు గొణుగుడు వినిపించింది. "పొద్దున కిటికీ వైపు. మధ్యాహ్నం కళ్ళల్లో ఎండ పడేది కదా, అప్పుడు ఇటు తిప్పుకునేవాళ్ళం."

"అయితే మధ్యాహ్నం నుంచి అది ఎడమా?"

"అదే కదా ఇందాకట్నుంచీ చెప్తున్నా!"

ఫోను పెట్టేశాక కూతురు బల్లమీద తలపెట్టి నవ్వింది. "బాగుంది" అంది కత్తెర. "పొద్దున ఒక మూల, మధ్యాహ్నం ఇంకో మూల. మా అన్నయ్య కప్పు మీద కూడా షిఫ్టులు చేశాడన్నమాట." అనేసి, ఉన్నట్టుండి గొంతు మార్చింది. "ఇప్పుడొద్దులే వదినా. ఇంకా గాలి చల్లగానే ఉంది. చలి పూర్తిగా తగ్గనీ. నీ మోకాళ్ళు కూడా కొంచెం తగ్గనీ..."

ఆ మాటకు మేస్త్రమ్మ తలెత్తింది. ఎండలు తగ్గనీ, వానలు తగ్గనీ, దగ్గు తగ్గనీ. ఆ ఇంట్లో ఆ "తగ్గనీ" ఏం చేసి వెళ్ళిందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"తగ్గనీ తగ్గనీ అనుకుంటూనే ఇంతదాకా వచ్చాం. నేను పైకి వెళ్తాను."

అల్లుడి చేతిలో చెంచా చేతిలోనే ఉండిపోయింది. పైపు విప్పడానికి లేవాలా వద్దా అన్నట్టు భార్య వైపు చూశాడు. అన్నాళ్ళుగా చీపురు కూడా తగలకుండా మూలన పడి ఉన్న మాటను ఆవిడే చేత్తో తీసి బల్లమీద పెట్టింది.

కత్తెర పెదవులు వణికాయి. వణుకు ఆపుకోవడానికి కళ్ళు పెద్దవి చేసింది.

"ఎప్పుడు?" అంది.

"గురువారం పొద్దున. టీ తాగి."

"ఎలా వెళ్తావు?"

"బస్సులో."

అంతే. కత్తెర గుమ్మానికి ఆనుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, చేతికందిన గుడ్డముక్కతో ముక్కు తుడుచుకుంది. అది ఎవరిదో కోటు లోపలి గుడ్డ. "నెలాఖరుకొస్తావా మరి?" అంది ఎక్కిళ్ళ మధ్య.

"సాయంత్రానికే వస్తా. నువ్వూ రా."

ఆ తర్వాత ప్లానంతా మేస్త్రమ్మ చేతిలోకి వచ్చేసింది. మాట తక్కువవాళ్ళు పని పురమాయిస్తే ఎదురు చెప్పడం కష్టం, బేరం ఆడటానికి మాటలే దొరకవు. కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. "కప్పు దాకా కనపడే అద్దాలు కావాలి" అంది మేస్త్రమ్మ. "దగ్గర చూపుకి నాకు ఉన్నాయి. దగ్గరివన్నీ చూసేశాను." కూతురు ఆ సాయంత్రమే అద్దాలు బిగించి తెచ్చింది.

తలెత్తి ఎంతసేపు చూడగలదు, మెడ పట్టేయదూ? పడుకుని చూస్తానంది.

"అక్కడ నేలమీద పడుకోనివ్వరమ్మా!"

"మీ నాన్నని పడుకోనిచ్చారుగా."

"నాన్న కప్పు దగ్గర పడుకున్నాడు, నువ్వు జనం కాళ్ళ దగ్గర పడుకుంటానంటున్నావు."

చివరికి కత్తెరకు ఉపాయం తట్టింది. బట్టలు వేసుకుని చూసుకోవడానికి ముందుగదిలో మిషను దగ్గర పెట్టిన చేతి అద్దం తీసి ఇచ్చింది. "దీన్ని పొట్ట దగ్గర పెట్టుకుని ఇందులోకి చూడు. కప్పే కిందికి దిగొస్తుంది. కాకపోతే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. సున్నాలాయన లెక్కకి సరిగ్గా సరిపోతుంది."

మోకాళ్ళకు అలవాటు చేద్దామని రోజూ మేడమెట్లు ఎక్కి దిగింది. ఎక్కేముందు ప్రతిసారీ, "పైకి వెళ్తున్నా" అని ఇల్లంతా వినపడేలా చెప్పింది. మొదటిరోజు అందరూ ఉలిక్కిపడ్డారు. మర్నాడు కూతురు "జాగ్రత్తమ్మా" అంది. ఆ మర్నాడు ఎవరూ పట్టించుకోలేదు. మాట మళ్ళీ మామూలు మాటైపోయింది. అల్లుడు కూడా పైపు జోలికి పోకుండా హాయిగా "పైన కిటికీ వేశారా?" అని అడిగాడు.

గురువారం టీ తాగి బయల్దేరారు. బస్సు కొండ ఎక్కుతుంటే మేస్త్రమ్మ కిటికీ పక్కన కూర్చుని ప్రతి మలుపూ చూసింది. తను సర్దిన సంచీని ఒళ్ళో పెట్టుకుని ఆయన ఈ మలుపులన్నీ తిరిగి ఉంటాడు. కోటగుమ్మం దగ్గర దిగి, రాళ్ళు పరిచిన వీధిలో నడిచారు. రెండుపక్కలా చిన్న చిన్న దుకాణాలు, బొమ్మ కోటలు, టోపీలు, నిమ్మరసం. అల్లుడు ఫిరంగుల దిక్కు దొంగచూపు చూశాడు, కానీ కాళ్ళు ఆపలేదు. "పాపం, వచ్చేటప్పుడు చూద్దువులే" అంది మేస్త్రమ్మ.

భవనంలో మెట్లు నిజంగానే ఇరుకు. గోడకు అరచెయ్యి ఆనించి, ఒక్కో మెట్టుమీద రెండుకాళ్ళూ నిలిపి ఎక్కింది. కూతురు చెయ్యి అందిస్తే వద్దంది. మలుపు దగ్గర ఆగి చూసుకుంటే అరచేతికి తెల్లగా సున్నం అంటి ఉంది. దులుపుకోలేదు, అలాగే మిగతావీ ఎక్కింది.

గదిలోకి అడుగుపెట్టగానే నలుగురూ తలలు ఎత్తేశారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నాలుగు మూలల నుంచీ నాలుగు తీగలు పాకి వచ్చి మధ్యలో పెనవేసుకున్నాయి. ఆకులు అంచుల దగ్గర కొంచెం ముడిచి ఉన్నాయి, ఎండవేళ నిజం ఆకులు ముడుచుకున్నట్టు. గుత్తుల బరువుకు తీగ వంగింది. పిట్టలు గుత్తుల చాటున కూర్చుని ఉన్నాయి. కొత్త అద్దాల్లోంచి మేస్త్రమ్మకు ఆకుల ఈనెలు కూడా కనపడ్డాయి.

"అదిగో, అదే!" అంది కత్తెర, కిటికీ పక్కన కుడి మూల చూపించి. "ఆ పిట్ట చూడు, మెడ వాల్చి. మా అన్నయ్య అచ్చు అలాగే కూర్చునేవాడు."

"కాదత్తా, అటు, ఎడమవైపు" అంది కూతురు. "ఆ ఆకులు చూడు, నాన్న చెయ్యే."

"నువ్వు కళ్ళద్దాలు అమ్ముతావు గానీ పెట్టుకోవు."

"నువ్వు పిట్టని చూసి చుట్టరికం కలుపుతున్నావు!"

వాళ్ళు అలా వాదులాడుకుంటుంటే మేస్త్రమ్మ అద్దం పొట్ట దగ్గర పట్టుకుని చూసింది. ఒక మూల చూసింది, నడిచి వెళ్ళి ఇంకో మూల చూసింది. అద్దం పక్కన పెట్టి తలెత్తి చూసింది. ఆకు ఆకూ వెతికింది. ఎక్కడో ఒక అతుకు, ఒక తెల్లని మచ్చ, ఒక వేలిముద్ర, ఏదో ఒకటి ఉండకపోతుందా అనుకుంది. నాలుగు మూలలూ ఒక్కలాగే ఉన్నాయి. అదే పాత పాలమీగడ రంగు, అదే ఒంపు, అదే పిట్ట. జీవితమంతా ఆయన కాలరు మీద పడిన గార చూసి పని చెప్పిన మనిషికి, ఆ పని ఎదుట నిలబడితే ఏదీ తెలియలేదు. అద్దాన్ని ఛాతీకి హత్తుకుని గోడవారన నిలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే ఒక గైడు అమ్మాయి పదిమందిని వెంటేసుకుని లోపలికి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో సన్నటి కర్ర. గదిమధ్యలో నిలబడి కర్రతో కప్పు చూపించింది.

"ఈ భవనంలో అందరూ తప్పకుండా చూడాల్సిన గది ఇది. మిగతా గదుల్లో చాలాచోట్ల మరమ్మతులు జరిగాయి, కొంచెం పరీక్షగా చూస్తే మీకే తెలిసిపోతుంది. కానీ ఈ కప్పు మాత్రం కట్టిననాడు ఎలా ఉందో ఈరోజుకీ అలాగే ఉంది. ఏ మూలా, ఎవరి చెయ్యీ పడలేదు."

కత్తెరకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరి చెయ్యీ పడలేదా? ఏళ్ళ తరబడి మా అన్నయ్య..." అని రుసరుసా ముందుకు కదిలింది. వెనకే కూతురు, ఆమె వెనక అల్లుడు. కొట్లాట అంటే ఆ ఇంటివాళ్ళు ఒక్క మాటమీద ఉంటారు.

మేస్త్రమ్మ చటుక్కున ఆడపడుచు మణికట్టు పట్టుకుంది.

"ఆగు. నువ్వు చిరుగు కనపడకుండా కోటు రఫ్ఫు చేసి ఇస్తే, ఆ కుట్టు ఎక్కడుందో కోటువాడు వేలుపెట్టి చూపించాడనుకో. ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, సిగ్గుతో చస్తాను!"

"మరి?"

కత్తెర మెల్లిగా తల వెనక్కి వాల్చి మళ్ళీ కప్పు చూసింది, ఈసారి వెతకడానికి కాదు. కూతురు తల్లి ముఖం చూసి అక్కడే ఆగిపోయింది. ఆ ముఖంలో ఇందాకటి కంగారు లేదు.

మేస్త్రమ్మ జనాన్ని తప్పించుకుంటూ గైడు దగ్గరికి వెళ్ళింది. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే ఆమెకు ఎప్పుడూ గొంతు పెగిలేది కాదు. ఇప్పుడు బాగానే పెగిలింది.

"ఇందాక ఏమన్నావమ్మా? ఇంకోసారి చెప్తావా?"

పెద్దావిడకు వినపడలేదనుకుని ఆ అమ్మాయి వంగి, నోటికి చెయ్యి అడ్డంపెట్టి, ఒక్కో మాటా విడివిడిగా గట్టిగా చెప్పింది. "ఈ కప్పు మీద, ఏ మూలా, ఎవరి చెయ్యీ పడలేదండీ!"

ఆ మాట కప్పుకు తగిలి గదంతా మోగింది. కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు కూడా మాటలాపి తలలెత్తారు. అందరి మధ్యా మేస్త్రమ్మ వెన్ను నిటారుగా పెట్టి, అందరితో పాటు తలెత్తి చూసింది.

"వినపడిందా అమ్మమ్మగారూ?" అంది గైడు.

"బాగా వినపడింది తల్లీ." ఆ అమ్మాయి చెయ్యి తన సున్నపు చేతిలోకి తీసుకుంది మేస్త్రమ్మ. "రేపు వచ్చేవాళ్ళకీ ఇలాగే చెప్పు. ఇంతే గట్టిగా చెప్పు."